2024–25 వార్షిక నివేదిక

మన లేసు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

నరసాపురం క్రోషే లేసుకు 2024లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని తెలిపే భౌగోళిక) గుర్తింపు వచ్చాక, "మీ పాత డిజైన్లు ఏవి?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. చూపిద్దామంటే మన దగ్గర పుస్తకం లేదు. పెట్టెల్లో ముక్కలున్నాయి, పెద్దవాళ్ల చేతుల్లో పనితనం ఉంది. అందుకే ఈ ఏడాది నమూనాల మీదే కూర్చున్నాం.

సంక్రాంతి తర్వాత జరిగిన సమావేశంలో బాబిన్ లేసు చరిత్ర చెప్పించాం. మనది ఒక్క కొక్కెం సూదితో అల్లే లేసు. బాబిన్ లేసు పద్ధతే వేరు. గట్టిగా కుక్కిన దిండు మీద నమూనా ప్రకారం చిల్లులు పొడిచిన అట్ట పరుస్తారు. చిన్న కర్ర బాబిన్లకు దారం చుట్టి, జంటలుగా నడిపిస్తారు. దాటించడం, మెలిపెట్టడం, కదలికలు ఈ రెండే. అల్లిక జారకుండా చిల్లుల్లో గుండుసూదులు గుచ్చుకుంటూ పోతారు. సన్న పనికి వందల బాబిన్లు పడతాయని విని, "దీనికన్నా మన అతుకుపనే నయం" అన్నారొక పెద్దావిడ. అతుకుపని అంటే అల్లిన ముక్కలను ఒకదానికొకటి కలపడం.

ఆ అట్ట ఉంటే చాలు, నేర్చినవాళ్లు ఎవరైనా అదే పని మళ్లీ దింపుతారు. నమూనాల పుస్తకాలు కూడా తొందరగానే వచ్చాయి: వెనిస్‌లో 1557లో, జ్యూరిక్‌లో 1561లో. జ్యూరిక్ పుస్తకం వేసినావిడ పేరుకు బదులు ఆర్.ఎం. అని రెండక్షరాలే పెట్టుకుంది. 1536లో వెనిస్ వర్తకులు ఈ పనిని జ్యూరిక్‌కు తెచ్చారని అందులో రాసింది. పని చేసే మనిషే ఆ పని చరిత్ర రాయడం మాకు బాగా నచ్చింది. స్లొవేనియాలోని ఇద్రియాలో 1876లో పెట్టిన లేసు బడి ఇప్పటికీ నడుస్తోంది. మన దేశంలో నాగర్‌కోయిల్ వైపు బాబిన్ లేసును 1820 ప్రాంతంలో మార్తా మాల్ట్ అనే మిషనరీ నేర్పారు. మన గోదావరి వైపు లేసు పని 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులతో మొదలైందని చెబుతారు.

ఆ సమావేశం తర్వాత ఇల్లిల్లూ తిరిగి ముక్కలు సేకరించాం. అనాసకాయ డిజైన్ ఒక్కటే మూడిళ్లలో మూడు రకాలుగా దొరికింది. ఒకదానికి అంచు గొలుసులో ఐదు కుట్లు, ఇంకోదానికి ఏడు. మూడోదానికి అంచే లేదు, నేరుగా అతుకుపనికి వదిలేశారు. ఏది అసలని తేల్చే పని పెట్టుకోకుండా మూడింటినీ నల్ల అట్టల మీద కుట్టించి, పక్కన దారం నంబరు, సూది నంబరు రాశాం.

ఒక వ్యాపారి దగ్గర బిల్లు నెలల తరబడి ఆగడంతో పండగ ముందు కూలి ఇవ్వడానికి టెన్షన్ పడ్డాం. ఇకమీదట కొంత అడ్వాన్సు తీసుకోకుండా ఆర్డరు ఒప్పుకోవద్దని కార్యవర్గం తీర్మానించింది. జమాఖర్చుల పుస్తకం సమావేశంలో ఎవరైనా చూడవచ్చు.

పాత ముక్కలు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి. అట్ట మీద కుట్టించాల్సినవి కాకపోతే ఫొటో తీసి, కుట్లు లెక్కరాసుకుని తిరిగి ఇచ్చేస్తాం. ఇచ్చేటప్పుడు రసీదు మాత్రం తప్పకుండా రాయించుకోండి.

కార్యదర్శి