నా హెల్మెట్ పట్టుకుని కూర్చున్న ఆ అబ్బాయికి

ఎడమ చేతి బొటనవేలితో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. కుడి చెయ్యి కట్టులో ఉంది. కాలర్ బోన్ విరిగింది, కుడివైపు మూడు పక్కటెముకలు చిట్లాయి, మోకాలి మీద చర్మం కొంత రోడ్డుకి ఇచ్చేసి వచ్చాను. నిన్న సాయంత్రమే ఇంటికి పంపారు. పడుకుంటే పక్కటెముకలు ఊరుకోవడం లేదు, అందుకే ఈ అర్ధరాత్రి కుర్చీలో కూర్చుని రాస్తున్నా. నాకు 63 ఏళ్లు. నాలుగు రోజులుగా ఫోన్ చేసిన వాళ్లందరూ "ఎలా ఉంది" తర్వాత అడిగింది ఒకటే, ఈ వయసులో నీకు బండెందుకయ్యా అని. ఆ మాట అడగని మనిషి ఒక్కడే ఉన్నాడు. అతని పేరు కూడా నాకు తెలియదు.

జరిగింది చెప్తాను, నా తప్పులతో సహా. అప్పటికి మూడు గంటలుగా ఆగకుండా నడుపుతున్నా. గంటకోసారి ఆగండి, దాహం వెయ్యకపోయినా నీళ్లు తాగండి, వయసు పెరిగేకొద్దీ ఒళ్లు ఎండిపోతున్నా దాహం తెలియదు అని మా రైడింగ్ గుంపులో అందరికీ చెప్పేది నేనే. ఆ రోజు ఇంకో అరగంటలో ఇల్లొస్తుంది కదా అని నేనే ఆగలేదు. ఎదురుగా వాలుతున్న ఎండ. కుడి మలుపు. బండి వంచాక చూశాను, రోడ్డుకి అతుకులు వేసి మిగిలిన సన్న కంకర మలుపు మధ్యలో అలాగే వదిలేసి పోయారు. ముందు ఒక బోర్డు లేదు, అడ్డంగా ఒక డ్రమ్ము లేదు.

గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నాను. 60 అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. కంకర కంట్లో పడి, అది బుర్రకెక్కి, అక్కణ్నుంచి చేతిదాకా రావడానికి ఓ అర సెకను ఎక్కువ పట్టిందనుకోండి, ఎనిమిది మీటర్లు పోయినట్టే. పాతికేళ్లప్పుడు ఆ ఎనిమిది మీటర్లూ నా చేతిలో ఉండేవి. ఆ తర్వాత చెయ్యకూడని పని చేశాను, వంగి ఉన్న బండికి ముందు బ్రేకు గట్టిగా పిండాను. బ్రేకు గట్టిగా పడ్డా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదా అంటారేమో, ఉంది. కానీ నా బండిలో ఉన్నలాంటి మామూలు ఏబీఎస్ బండి నిటారుగా ఉన్నప్పుడు ఆదుకున్నట్టు వంగి ఉన్నప్పుడు ఆదుకోదు. పైగా చూపంతా కంకర మీదే పెట్టాను. చూసిన చోటికే బండి పోతుందిరా అని ఎంతమంది కుర్రాళ్లకి చెప్పానో లెక్కలేదు.

ముందు చక్రం జారింది. చప్పుడు గుర్తుంది, నొప్పి గుర్తులేదు. రోడ్డు అంచున వెల్లకిలా పడి ఉన్నాను. లేవబోతుంటే తలకి రెండువైపులా ఎవరివో చేతులు పడ్డాయి. "బాబాయ్, తల కదపకండి. అలాగే ఉండండి, నేను పట్టుకున్నాను."

వెనకాల వస్తున్న సరుకుల వ్యాన్ డ్రైవర్. ముప్పై ఏళ్లుంటాయేమో. నా తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని హెల్మెట్‌ని రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాడు. చుట్టూ చేరినవాళ్లలో ఒకాయన హెల్మెట్ తీసెయ్యి, గాలాడుతుంది అని వంగి బెల్టు మీద చెయ్యి వేశాడు కూడా. ఈ అబ్బాయి గట్టిగా కసిరాడు. ఊపిరి బాగానే ఆడుతోంది, మాట్లాడుతున్నారు, మెడకి ఏమైందో మనకి తెలీదు, అంబులెన్స్ వాళ్లు వచ్చి తీస్తారు అన్నాడు. అద్దం మాత్రం పైకెత్తాడు. ఎక్కడ నేర్చుకున్నాడో అడగాలని ఇప్పుడనిపిస్తోంది.

అంబులెన్స్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ అతను చేతులు తియ్యలేదు. అతని జేబులో ఫోన్ మోగుతూనే ఉంది, ఆగుతుంది, మళ్లీ మోగుతుంది. సరుకు దించాల్సిన చోట ఎవరో తిడుతూ ఉండి ఉంటారు. చూసుకో బాబూ అంటే "వాళ్లెక్కడికి పోతారు బాబాయ్" అన్నాడు. ఎండ నా మొహం మీద పడకుండా తన తలే అడ్డం పెట్టాడు. గడ్డం మీంచి చెమట చుక్కలు నా బుగ్గ మీద పడుతున్నాయి. చివర్లో అతని చేతులు వణకడం హెల్మెట్ లోపల నాకు తెలుస్తోంది.

నేను మగతలోకి జారకుండా కబుర్లు పెట్టుకున్నాడు. ఎన్నేళ్ల నుంచి నడుపుతున్నారు, మొదటి బండి ఏది, ఏ రోడ్డంటే ఇష్టం అని. నేను కూడా చెప్పాను చూడండి, కాలర్ బోన్ విరిగి రోడ్డు మీద పడుకుని! పిల్లలు పుట్టాక 31వ ఏట బండి అమ్మేయడం, మళ్లీ 54వ ఏట కొనడం, మొదటిరోజు ఊరి బయట మలుపు తిరుగుతుంటే హెల్మెట్‌లో ఒక్కణ్నే గట్టిగా నవ్వడం. మెట్లెక్కితే మూలిగే మోకాళ్లు బండి మీద నోరు మెదపవు. ఇంట్లో బుర్రలో తిరిగే వంద గొడవలు మూడో గేరు పడేసరికి వెనకే ఉండిపోతాయి, తర్వాతి మలుపు తప్ప ఇంకేమీ ఉండదు. ఇది మా ఇంట్లో వాళ్లకి తొమ్మిదేళ్లుగా చెప్పలేకపోయాను. అతను మాత్రం "తెలుసు బాబాయ్" అన్నాడు.

నేనేమీ తెలియక నడిపేవాణ్ని కాదండీ. చీకటి పడ్డాక బండి తియ్యను. అరవైల్లో కంటిలోపలికి వెళ్లే వెలుగు ఇరవైల్లో వెళ్లేదాంట్లో సుమారు మూడో వంతే అని కళ్ల డాక్టరు చెప్పినప్పుడే మానేశాను. దూరానికీ దగ్గరకీ ఒకే అద్దంగా ఉండే ప్రోగ్రెసివ్ కళ్లద్దాలతో కిందకి చూస్తే కాలు పెట్టే చోటు మసగ్గా కనిపిస్తుంది, అలా నిలబడ్డ బండిని రెండుసార్లు కింద పడేశాక ఇప్పుడు తల మొత్తం వంచి చూసి కాలు దించుతున్నాను. పర్సులో ఒక కార్డు ఉంటుంది, బ్లడ్ గ్రూపు, వాడే మందులు. గుండెకి స్టెంట్ పడ్డాక రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను, అవి వాడేవాళ్లకి తలకి దెబ్బ తగిలితే పైకి బాగానే ఉన్నా లోపల రక్తం కారుతుండొచ్చు, స్కాన్ చూడాల్సిందే. ఆ సంగతి అతనికి చెప్తే అంబులెన్స్ వాళ్లకి మూడుసార్లు చెప్పాడు.

ఆసుపత్రిలో మాత్రం అదే సంగతి నేను నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండు గంటలు వరండాలో స్ట్రెచర్ మీద ఉన్నాను, ఫారం నిండలేదట. ఆ తర్వాత బీమా ఫారం ఇంకో వింత. ప్రమాదానికి కారణం అనే చోట అతివేగం, మద్యం, వాహన లోపం, వాహనదారుడి అజాగ్రత్త అని ఉన్నాయి. రోడ్డు మీద కంకర అని రాసుకోవడానికి గడి లేదు. నన్నేమీ అడక్కుండానే ఫారం నింపే ఆయన అజాగ్రత్త మీద టిక్కు పెట్టి, పక్కన నా వయసు రాసి, దాని కింద గీత గీశాడు! నాది తప్పు లేదనడం లేదు, పైన నేనే రాశాను కదా. కానీ ఆ కంకర ఇప్పటికీ అక్కడే ఉందట, నిన్న అటువైపు వెళ్లిన మిత్రుడు ఫోటో పంపాడు. రేపు అక్కడ పడేవాడికి పాతికేళ్లుంటే ఏ వయసు కింద గీత గీస్తారో.

స్కాన్‌లో తల లోపల ఏమీ లేదు. మా ఆవిడ, అబ్బాయి, కోడలు రాత్రింబవళ్లు చూసుకుంటున్నారు, వాళ్ల సంగతి వేరే చెప్పాలా.

అసలు ఈ పోస్టు ఎందుకు రాస్తున్నానంటే తాళం గురించి. నన్ను స్ట్రెచర్ మీదకి ఎక్కించాక ఆ అబ్బాయి బండి దగ్గరికి పరిగెత్తి ఇంజిన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసి, హ్యాండిల్ లాక్ వేసి వచ్చాడు. బండికి ఏమైందిరా అంటే "గీతలు పడ్డాయి అంతే బాబాయ్" అన్నాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వంగిపోయిందని మర్నాడు తెలిసింది, అబద్ధమాడాడు మహానుభావుడు. నా ఎడమ చేతి గ్లవ్ మెల్లగా లాగి, అరచేతిలో తాళం పెట్టి, ఒక్కో వేలూ మడిచాడు. "ఇది మీ దగ్గరే ఉండాలి" అన్నాడు. తలుపు మూసేశారు. అప్పటిదాకా ఏడవనివాణ్ని అప్పుడు ఏడ్చాను, పక్కటెముకలు విరిగి ఏడవడం ఎంత కష్టమో ఎవరికీ రాకూడదు. అప్పట్నుంచి ఇంట్లో అందరూ ఆ తాళం అడుగుతున్నారు. రెండోది ఇప్పటికే మా వాడు దాచేశాడు.

మళ్లీ నడుపుతానా? తెలియదు. ఎముక అతకడానికి ఎనిమిది వారాలో పన్నెండో అంటున్నారు, ఆ తర్వాత మాట. మూడు బంతులున్న ఆ ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి గాలి లోపలికి లాగు, లేకపోతే నిమోనియా వస్తుంది అంటున్నారు, ప్రస్తుతానికి రెండో బంతి లేస్తే అదే పండగ.

అయ్యో, ఇంకా కొందరున్నారు. మలుపు ముందు నిలబడి ఎర్ర సంచి ఊపుతూ బళ్లని ఆపిన అమ్మాయి, నీ మొహం కూడా చూడలేదమ్మా, థాంక్స్. జాకెట్‌ని కుట్టు వెంబడే కోసిన అంబులెన్స్ అతను, మళ్లీ కుట్టించుకోవచ్చు సార్ అన్నాడు. రాత్రి డ్యూటీ నర్సమ్మ. ఎక్స్‌రే గదిలో నొప్పి తగ్గేదాకా ఆగిన కుర్రాడు. హెల్మెట్ తీసెయ్యమన్న పెద్దాయన కూడా, మంచికే అన్నారు, కోపం లేదు. ఆ హెల్మెట్ ఇక పనికిరాదు, దెబ్బ తిన్నది వాడకూడదు, కానీ పారెయ్యబుద్ధి కావడం లేదు.

వ్యాన్ అబ్బాయిని ఎవరైనా గుర్తుపడితే ఇది చూపించండి. బాబూ, నా ఎడమ గ్లవ్ నీ దగ్గరే ఉండిపోయి ఉంటుంది. ఉంచుకో. కుడిది ఎలాగూ కోసేశారు.