నా అసలు ఫొటో నాకు పంపు

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిట్టితల్లీ,

నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. వంటింటి కిటికీ దగ్గర నేను తీయించుకున్నదే. కళ్ల కింద ముడతలు లేవు, నుదుటి మీద గీతలు లేవు, మెడ నున్నగా ఉంది. "పదేళ్లు తగ్గించేశాను చూడమ్మా" అని రాశావు. ప్రేమతోనే చేశావని తెలుసు. అయినా చాలాసేపు నిద్ర పట్టలేదు. ఫోన్లో మొదలుపెడితే ఇద్దరం వేరే మాటల్లో పడిపోతాం, అందుకే రాస్తున్నాను.

అమ్మమ్మ పోయిన రోజు గుర్తుందా? నీకప్పుడు తొమ్మిదేళ్లు. దండ వెయ్యడానికి ఇంట్లో సరైన ఫొటో ఒక్కటి లేదు. చివరికి మామయ్య పెళ్లి గ్రూప్ ఫొటో స్టూడియోకి ఇచ్చాం. వాళ్లు మొహం తెల్లగా చేసి, చెంప మీద పుట్టుమచ్చ తీసేసి, ఎవరిదో పట్టుచీర తగిలించి ఇచ్చారు. ఇన్నేళ్లుగా ఆ ఫొటోకే దణ్ణం పెడుతున్నాను. అందులో మా అమ్మ లేదు. డెబ్భై ఏళ్లప్పుడు కూడా వంద కాయ తరిగి ఆవకాయ కలిపిన మనిషి. నవ్విందంటే పక్కవాటాలోకి వినపడేది.

ఆడపిల్లని పెళ్లికి ఫొటో తీస్తారు. తర్వాత పిల్లల్ని తీస్తారు, ఆమె ఎవరి భుజం వెనకో ఉంటుంది. ఇప్పుడు నాకు తప్పకుండా తీసేది ఒక్కటే. రైల్వే పింఛను కోసం ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, ఫోన్ ముందు మొహం పెట్టి కళ్లు ఆర్పితే బతికున్నట్టు లెక్క. మొన్న అలా కళ్లు ఆర్పుతుంటే అమ్మ గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే నువ్వు వదిలేసి వెళ్లిన కెమెరా బీరువాలోంచి తీశాను.

మన అపార్ట్‌మెంట్ వాళ్లతో మొదలుపెట్టాను. "ఈ వయసులో నాకు ఫొటో ఏంటమ్మా" అననివాళ్లు లేరు. అంటూనే లోపలికెళ్లి చీర మార్చుకుని వస్తారు. మూడో అంతస్తు లెక్కల టీచరుగారికి డెబ్భై రెండు, స్కూటీ నేర్చుకుంటోంది. హెల్మెట్ చంకలో పెట్టుకునే తియ్యమంది. ఫ్లాష్ వాడటం లేదు, నువ్వు నేర్పిందే పాటిస్తున్నాను. కిటికీకి ఎదురుగా కూర్చోబెడితే ముడతలు సగం కనపడవు, పక్కగా కూర్చోబెడితే ప్రతి ముడతకీ నీడ పడుతుంది. రెండూ తీసి చూపించి, ఏది ఉంచమంటారో వాళ్లనే అడుగుతున్నాను. ఎక్కువమంది పక్క వెలుతురుదే ఉంచమన్నారంటే నువ్వు నమ్ముతావా?

ఒకచోట మాత్రం నేనే తప్పు చేశాను. వీధి చివర పూలమ్మే అవ్వ తెలుసుగా, తెల్లవారుజామునే గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్లి పూలు తెచ్చుకుంటుంది. దారం చుట్టీ చుట్టీ ఆమె చూపుడువేలి మీద సన్నని గాడి పడింది. మల్లెలు, దారం, ఆ వేళ్లు, ఆ ముడతలు. నాకు భలేగా అనిపించి వంగి అవే నాలుగైదు తీశాను. ఆమె కట్టడం ఆపేసింది. "చేతులే తీస్తున్నవేంది బిడ్డా? నాకు మొఖం లేదా?" అంది. తర్వాత కొంగు సర్దుకుని, డబ్బుల సంచి ఒళ్లో పెట్టుకుని, సీదా కూర్చుని నా కళ్లలోకి చూసింది. అదీ ఫొటో అంటే! నువ్వు నా ముడతలు తుడిచేశావు. నేను ఆమె ముడతలు తప్ప ఇంకేమీ చూడలేదు. ఇద్దరం చేసింది ఒకటేననిపించింది.

1892లో రాజా దీన్ దయాళ్ అనే ఫొటోగ్రాఫర్ మన ఊళ్లో ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టాడు. పరదా పాటించే ఆడవాళ్లు కదా, కెమెరా వెనక కూడా ఆడమనిషే ఉండాలని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిష్ ఆవిడకి దాన్ని అప్పగించాడు. ఇప్పుడు ఆ పరదా అవసరం ఏముందనుకునేదాన్ని. పోయిన వారం ఒకావిడ, ఎవరో నీకు కూడా చెప్పను, తలుపు గడియ పెట్టమంది. భర్త పోయి పదకొండేళ్లు. పర్సులోంచి కుంకుమ భరిణె తీసి, అద్దంలో చూసుకుంటూ నిండుగా బొట్టు పెట్టుకుంది. చెయ్యి వణికి బొట్టు కాస్త పక్కకి పోయింది. దిద్దబోతే వద్దంది. ఆ ఫొటో ఆవిడ దగ్గరే ఉంది, నా దగ్గర కాపీ కూడా లేదు.

నువ్వు రోజూ ఫొటోలు దిద్దే పనిలోనే ఉన్నావు. పెద్దవాళ్ల మొహం వచ్చినప్పుడు, తుడిచేముందు ఒక్కసారి వాళ్లని అడుగు తల్లీ. నన్ను కూడా అడిగి ఉంటే, నుదుటి మీద ఆ నిలువు గీత నీ ఇంటర్ రిజల్ట్స్ నాటి టెన్షన్‌దని చెప్పేదాన్ని.

అసలు ఫొటో డిలీట్ చెయ్యలేదు కదా? ఉంటే పంపు. లేకపోతే సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే మళ్లీ తియ్యి. తూర్పు కిటికీ దగ్గర పొద్దున ఎనిమిదింటికి వెలుతురు బాగుంటుంది. పక్కగానే కూర్చుంటాను.

అమ్మ