అన్నిటికీ జగదాంబ జంక్షనేనా?

సంపాదకులకు,

పండగ ముందు జగదాంబ జంక్షన్‌లో అడుగు తీసి అడుగు వేసే వీలు లేదని మీ పత్రికలో వార్త చూశాం. ఆ రద్దీలో చాలామందికి అసలు అక్కడ పనే లేదని మా అభిప్రాయం. బట్టలకూ చెప్పులకూ జగదాంబ సరే. బంగారానికీ, పప్పులకూ, ఫోన్లకూ కూడా జనం అటే పరుగెడుతున్నారు. విశాఖలో ఏ సరుకు బజారు దానికి ఉంది.

బంగారానికి వన్‌టౌన్‌లోని కురుపాం మార్కెట్‌కు వెళ్లాలి. పక్కపక్కనే దుకాణాలు కాబట్టి గంటలో నాలుగు చోట్ల అడిగి చూడొచ్చు. అయితే గ్రాము రేటు ఒక్కటే అడిగి ఊరుకుంటే లాభం లేదు, అది ఎక్కడైనా దాదాపు ఒకటే. తేడా అంతా తరుగు, మజూరీల్లో ఉంటుంది. 10 గ్రాముల గొలుసుకు తరుగు 12 శాతమంటే 11.2 గ్రాములకు డబ్బు కడుతున్నట్టు. పక్క షాపులో 8 శాతమే అన్నారని సంబరపడి, మజూరీ విడిగా వేస్తారా అని అడగకపోతే మిగిలిందంతా అక్కడే పోతుంది. రాళ్ల నగైతే మొత్తం బరువు, రాళ్లు తీసేసిన నికర బరువు బిల్లులో వేర్వేరుగా రాయించుకోవాలి. లేదంటే కొనేటప్పుడు రాయికి బంగారం ధర కట్టాల్సి వస్తుంది, అమ్మేటప్పుడు మాత్రం అది రాయే! వీటన్నిటి మీదా 3 శాతం జీఎస్టీ ఉంటుంది.

నగ మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, 916 (అంటే 22 క్యారెట్లు) లాంటి స్వచ్ఛత అంకె, ఆ నగకే ప్రత్యేకంగా ఇచ్చే ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ గుర్తింపు, హాల్‌మార్క్ అంటే ఈ మూడూ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇదే నిబంధన. ఆ హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వస్తువు ఏమిటో కూడా చూపిస్తుంది. చేతిలో ఉంగరం ఉండి యాప్‌లో గొలుసు అని వస్తే ఆ దుకాణం మెట్లు దిగేయడమే. 2 గ్రాముల లోపు ముక్కుపుడకల వంటి వాటికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కనుక వాటికి బిల్లే ఆధారం.

మార్గశిర మాసంలో, ముఖ్యంగా గురువారాలు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో ఆ చుట్టుపక్కల వీధులు నిండిపోతాయి. ఆ రోజుల్లో నగల పని పెట్టుకోకండి.

పప్పులు, ఎండుమిర్చి, బెల్లం, పూజ సామాను పూర్ణా మార్కెట్‌లో కొనడం మేలు. కాకపోతే నెల సరుకు ఒకేసారి తెచ్చుకునేవారికే గిట్టుబాటు, అరకిలో కందిపప్పు కోసం వెళ్తే మిగిలింది ఆటోకే చాలదు. సరుకు పెట్టకముందు కాటా సున్నా చూపిస్తోందో లేదో చూడాలి. డబ్బాలో పోసి తూస్తే ముందు ఖాళీ డబ్బా బరువు తీసేయమనాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి, అది కనబడకపోతే అడిగే హక్కు మనకుంది. బెల్లం విషయంలో తెల్లటి మెరుపు చూసి మోసపోవద్దు, చాలాసార్లు అది హైడ్రోస్ అనే రసాయనం కలపడం వల్ల వచ్చేదే. ముదురు రంగుదే తీసుకోండి.

కూరగాయలకు ఇంత దూరం అనవసరం. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నంలో రైతుబజార్లున్నాయి. ధరల బోర్డు చదివాకే బేరంలోకి దిగాలి.

ఫోన్లకు డాబాగార్డెన్స్. ఫోన్‌లో స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే ఆ ఫోన్‌ను గుర్తుపట్టే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. బిల్లు మీద అదే నంబరు ఉండాలి. పాత ఫోనైతే డబ్బు ఇచ్చే ముందే ఆ నంబరును కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. దొంగ ఫోనని బ్లాక్ చేసినదైతే మన సిమ్ వేసినా పనిచేయదు.

ఇక చీరలకు జగదాంబకే వెళ్లారనుకుందాం. పట్టుకు, అది అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ చీటీ అడగండి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద ఉన్నా భయపడక్కర్లేదు. బిల్లులో గడువేదీ రాయకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది అనుచిత వ్యాపారమే. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. రంగు నచ్చలేదంటే మాత్రం ఈ చట్టం ఆదుకోదు, మార్పిడి మాట ముందే అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. దుకాణదారు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

అధికారులకు మా విన్నపం రెండే. పూర్ణా మార్కెట్‌లో కొన్న సరుకును ఎవరైనా మళ్లీ తూచి చూసుకునేలా ఒక ఉచిత కాటా పెట్టించండి. కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్ రెండు చోట్లా ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు, వాటికి దారి చూపే బోర్డులు పెట్టించండి.

– కొందరు వినియోగదారులు, అక్కయ్యపాలెం, విశాఖపట్నం