సాఫ్ట్‌బాల్ స్కోరుషీట్‌లో పిచర్ బంతులకూ ఒక గడి పెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

స్కూల్ గేమ్స్ మండల పోటీలు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఇప్పుడే ఈ ఉత్తరం రాస్తున్నాను. నిజామాబాద్ జిల్లాలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో పదహారేళ్లుగా వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా వైపు ఆడపిల్లలు బేస్‌బాల్ లాంటి సాఫ్ట్‌బాల్ ఆటను ఇష్టంగా ఆడతారు. ఇందులో బ్యాటర్‌కి బంతి వేసేవాళ్లను పిచర్ అంటారు.

పోయినేడు మా పిచర్ తొమ్మిదో తరగతి అమ్మాయి. చెయ్యి గుండ్రంగా తిప్పి తుంటి పక్క నుంచి బంతి వదిలే విండ్‌మిల్ పిచింగ్ మా బడిలో ఆ అమ్మాయికి ఒక్కదానికే సరిగ్గా వచ్చు. పోటీల్లో ఒకే రోజు మూడు మ్యాచ్‌లు పడ్డాయి. మూడింట్లోనూ తనే వేసింది. రెండో మ్యాచ్ చివర్లో బంతులు బ్యాటర్ తల మీదుగా పోసాగాయి, ముందుకు వేసే అడుగు కురచైపోయింది. కాళ్లు అలిసిపోతే ఆ భారమంతా చేతి మీద పడుతుంది. అది తెలిసినవాణ్ణే. అయినా "ఇంకొక్క మ్యాచే తల్లీ" అని భుజానికి స్ప్రే కొట్టి పంపించాను. గెలిచాం.

మర్నాడు పొద్దున్నే మేం బస చేసిన బడి వరండాలో ఆ పిల్ల జడ వేసుకోబోయింది. కుడిచెయ్యి చెవి దాకా లేవలేదు. దువ్వెన ఎడమ చేతిలోకి మార్చుకుంది. పాయలు తీయడం కుదరక కాసేపు అలాగే కూర్చుంది. చివరికి పక్కనున్న పిల్ల వచ్చి వేసింది. నేను అడిగితే "ఏం లేదు సార్, పట్టేసింది" అంది. జట్టులోంచి తీసేస్తారని పిల్లలు నొప్పి చెప్పరు.

ఎముకల డాక్టర్ గారు చూసి, భుజం ముందువైపు బైసెప్స్ టెండన్, అంటే కండను ఎముకకు కలిపే తాడు లాంటిది, వాచిందన్నారు. ఆరు వారాలు బంతి పట్టుకోవద్దన్నారు. ఈ వయసులో ఎముక పెరిగే చోటు ఇంకా గట్టిపడదని, నొప్పి మీద ఆడిస్తే అక్కడా దెబ్బతినొచ్చని చెప్పారు. ఆ రోజు ఎన్ని బంతులు వేసిందని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పరుగులు, అవుట్లు అన్నీ రాసుకున్నాం, బంతులు మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. తర్వాత ఒక మామూలు మ్యాచ్‌లో టిక్కులు పెట్టించి చూస్తే, వార్మప్ కాకుండానే 94 వచ్చాయి.

కింది నుంచి వేసే బంతే కదా, భుజానికేమవుతుంది అనే మాట మా కోచ్‌లందరి నోటా ఉంటుంది. కానీ అమెరికాలో పరిశోధకులు కొలిచి చూస్తే, విండ్‌మిల్‌లో భుజాన్ని కీలు నుంచి లాగే బలం పై నుంచి విసిరే బేస్‌బాల్ పిచర్ మీద పడేదానికి దరిదాపుల్లోనే ఉందని తేలింది. అక్కడ పిల్లలు ఆడే లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో 2007 నుంచి బంతుల లెక్క ఉంది. 11, 12 ఏళ్ల పిల్లలు రోజుకు 85 బంతులకు మించి వేయకూడదు. 66 వేశారంటే నాలుగు రోజులు పిచింగ్‌కి సెలవే.

జపాన్ పిచర్ యుకికో ఉఎనో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడి, 413 బంతులు వేసి స్వర్ణం తెచ్చింది. ఆ కథ మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! ఉఎనోకి అప్పుడు 26 ఏళ్లు. మా అమ్మాయికి 14. ఈ సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు.

పోటీలు నిర్వహించే అధికారులను నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. స్కోరుషీట్‌లో పిచర్ బంతులకు ఒక గడి పెట్టండి. అండర్-14, అండర్-17 పిల్లలకు రోజుకు ఇన్నే అని డాక్టర్లను అడిగి ఒక హద్దు నిర్ణయించండి. ఒక పిచర్‌తో వరసగా మూడు మ్యాచ్‌లు వేయించడానికి ఒప్పుకోకండి. ఇద్దరు పిచర్లు ఉంటేనే జట్టు ఎంట్రీ తీసుకోండి, అప్పుడు నాలాంటి వాళ్లు రెండో పిల్లకు కూడా నేర్పక తప్పదు. మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ నెలల తరబడి అదే చెయ్యి తిరుగుతోంది. మధ్యలో సెలక్షన్లు, క్యాంపులు సరేసరి. తల్లిదండ్రులు కూడా పిల్ల గ్లాసు ఎడమ చేత్తో ఎత్తుతోందా, చొక్కా వేసుకోవడానికి ఇబ్బంది పడుతోందా గమనించండి.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. పిచర్‌గా కాకుండా ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేస్తోంది. ప్రాక్టీసులో మాత్రం వారానికి రెండు రోజులు, రోజుకు నలభై బంతులు పిచింగ్ చేస్తోంది. రిజర్వ్‌లో ఉన్న పిల్ల పక్కన నోటుబుక్ పట్టుకుని లెక్క రాస్తూ కూర్చుంటుంది. నలభై కాగానే ఆ అమ్మాయి బంతి నాకు ఇచ్చేస్తుంది.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
నిజామాబాద్ జిల్లా