అమ్మ కుడిచెయ్యి పట్టుకున్న మీ అందరికీ

ప్రభువు నామమున అందరికీ వందనాలు.

మొన్న శుక్రవారం చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరుగారి గది దాకా అమ్మ తనే నడిచింది. ఈ సంగతి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుదామని కూర్చున్నాను. నలుగురికి చెప్పేసరికి గొంతు పూడుకుపోయింది. మిగిలినవాళ్లకి ఇలా రాసి చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

దూరంగా ఉన్నవాళ్లకి జరిగింది పూర్తిగా తెలియదు. జనవరిలో ఒకరోజు తెల్లవారుజామున అమ్మ మంచం మీద నుంచి లేవబోయి పడిపోయింది. మూతి కొంచెం పక్కకి తిరిగింది. కుడిచెయ్యి వేలాడిపోయింది. మొదట తీసుకెళ్లిన చోట బీపీ పెరిగిందని ఇంజెక్షన్ ఇచ్చి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ఆ గంటలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. గుంటూరు తీసుకెళ్లాక స్కానింగ్ చేసి, ఎడమవైపు మెదడుకి రక్తం అందలేదని, అందుకే కుడివైపు పడిపోయిందని చెప్పారు.

మా అమ్మ ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది. తెనాలిలో మా పేటలో ఆవిడ కొలతలు తీయని ఆడమనిషి లేదంటే అతిశయోక్తి కాదు. మమ్మల్ని చదివించింది, నా పెళ్లి చేసింది ఆ కుడిచెయ్యే.

ఆ చేతికి పోయింది కదలిక ఒక్కటే కాదు, స్పర్శ కూడా. మాకు ఆ సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. ఒకరోజు పొద్దున నేను అన్నం గిన్నె దించి పక్కన పెట్టాను. అమ్మ చెయ్యి దానికి ఆనుకుని ఉంది. నేను చూసేసరికి చూపుడు వేలు మీద బొబ్బ లేచింది. అమ్మ మాత్రం కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంది. ముప్పై ఏళ్లు సూది గుచ్చుకుని గరుకెక్కిన వేలు అది. ఆ వేలికి వేడి తెలియలేదు.

ఇంటికొచ్చే ఫిజియోథెరపీ తమ్ముడు ఆ బొబ్బ చూసి మమ్మల్ని కోప్పడలేదు. కూర్చోబెట్టి చెప్పాడు. డాక్టర్ పాల్ బ్రాండ్ అని ఒకాయన 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారట. కుష్ఠు రోగుల వేళ్లని రోగం తినేస్తుందని అందరూ అనుకునే రోజుల్లో, కాదు, స్పర్శ పోవడం వల్ల కాలినా కోసుకున్నా తెలియక ఆ దెబ్బల మీద దెబ్బలు తగిలి వేళ్లు పోతున్నాయని ఆయన చూపించారట. "నొప్పి తెలియడం కూడా వరమే అక్కా, అందుకని కొన్నాళ్లు అమ్మ చేతికి మీరే కాపలా ఉండాలి" అన్నాడు.

ఆ రాత్రి నేను మార్కు సువార్త తీశాను. కుష్ఠురోగి యేసయ్యని మోకాళ్లూని వేడుకునే చోటు. "ఆయన కనికరపడి, చెయ్యి చాపి వానిని ముట్టి" అని ఉంటుంది. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వింటున్నదే. కానీ ఆ మాటల వరస ఎప్పుడూ పట్టించుకోలేదు. ముందు కనికరం, తర్వాత చెయ్యి చాపడం, ముట్టుకోవడం. "శుద్ధుడవు కమ్ము" అన్న మాట ఆ తర్వాత వస్తుంది. శుద్ధుడు కాకముందే ముట్టుకున్నాడు.

లేవీయకాండం ప్రకారం అలాంటి మనిషి పై పెదవి కప్పుకుని, "అపవిత్రుడను, అపవిత్రుడను" అని కేకలు వేస్తూ, పాళెం బయట ఒంటరిగా ఉండాలి. (బైబిల్లో కుష్ఠు అన్నప్పుడు ఈ రోజు మనం అనుకునే ఒక్క రోగమే కాదని, రకరకాల చర్మరోగాలు అందులోకి వచ్చేవని మా చర్చి పాస్టరు అయ్యగారు చెబుతుంటారు.) ఆ మనిషిని ఎన్నాళ్లుగా ఎవరూ ముట్టుకోలేదో.

మత్తయి ఎనిమిదో అధ్యాయంలో ఇదే సంగతి పక్కనే శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీద అధికారి, దాసుడి సంగతి ఉంటుంది. అక్కడ యేసయ్య ఆ ఇంటికి వెళ్లనే లేదు. మాట అన్నాడు, దాసుడు బాగయ్యాడు. అంటే బాగుచెయ్యడానికి ఆయనకి మాట చాలు. ముట్టుకోవలసిన అవసరం ఆయనకి లేదు, ఆ కుష్ఠురోగికి ఉంది. ఆ వెంటనే పేతురు అత్తగారు జ్వరంతో పడి ఉంటే ఆవిడ చెయ్యి ముట్టుకున్నాడు. మంచంలో ఉన్న పెద్దావిడ చెయ్యి. అది చదివి చాలాసేపు ఏడ్చాను.

ఎందుకంటే మీరంతా అప్పటికే ఆ పని చేస్తున్నారు, నేను గమనించలేదు. మీలో వచ్చిన ప్రతి ఒక్కరూ అమ్మ మంచం మీద కూర్చుని ఆ కుడిచేతినే ఒళ్లో పెట్టుకున్నారు. ఎడమచెయ్యి బాగుంది కదా, మీరు పట్టుకుంటే ఆవిడకి తెలిసేది. అయినా తెలియని చేతినే పట్టుకున్నారు. గుంటూరులో నైట్ డ్యూటీ సిస్టర్‌గారు ఒకావిడ మందులు ఇచ్చాక రెండు నిమిషాలు ఆ వేళ్లు ఒక్కొక్కటిగా నిమిరి వెళ్లేవారు. పేరు అడిగే లోపే ఆవిడకి వార్డు మారింది. సిస్టర్, ఇది ఎవరైనా మీకు చూపిస్తే, ఆ వేళ్లు ఇప్పుడు ముడుచుకుంటున్నాయి.

ఇక నా సంగతి. మూడో రోజుకి నేను పూర్తిగా చేతులెత్తేశాను. వార్డులో అటెండెంట్లకి కుర్చీ లేదు. రాత్రంతా నిలబడి, పగలు మందుల షాపుకి, ల్యాబుకి తిరిగి, బిల్లుల టెన్షన్‌తో ఆ సాయంత్రం మెట్ల మీద కూలబడ్డాను. అప్పుడు మా పక్కింటి పిన్నిగారు తెనాలి నుంచి బస్సులో ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని వచ్చారు. ఇంకేమీ తేలేదు, స్టూలు ఒక్కటే. "ముందు నువ్వు కూర్చోవే" అన్నారు.

నిర్గమకాండం పదిహేడో అధ్యాయం మీకు గుర్తుండే ఉంటుంది. రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధం. కింద యెహోషువ పోరాడుతుంటే కొండ మీద మోషే చెయ్యి ఎత్తి ఉన్నంతసేపు ఇశ్రాయేలీయులది పైచెయ్యి, దించితే అవతలివాళ్లది. మన తెలుగులో చేతులెత్తేయడమంటే ఇక నావల్ల కాదని. అక్కడ ఎత్తిన చేతుల మీదే గెలుపంతా ఆధారపడి ఉంది. కానీ ఎంత మోషే అయినా చేతులు బరువెక్కాయి. అప్పుడు వాళ్లు చేసిన మొదటి పని ఏమిటో చూడండి. ఒక రాయి తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టారు. ఆ తర్వాతే అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క నిలబడి సూర్యాస్తమయం వరకు ఆ చేతుల్ని ఆదుకున్నారు. మన పాత తెలుగు బైబిల్లో వాడిన మాట అదే. కష్టంలో సాయం చేస్తే ఆదుకున్నారని రోజూ అంటాం. బరువెక్కిన చెయ్యి కింద ఇంకో చెయ్యి ఆనించడమే ఆ మాటకి అసలు అర్థమని నాకు ఆ స్టూలు మీద కూర్చున్నాకే తెలిసింది.

పిన్నిగారూ, నాకు రాయి తెచ్చింది మీరే. వంతులు వేసుకుని రాత్రుళ్లు పడుకున్న మహిళా సమాజం అక్కలూ, మీరు నాకు అహరోను, హూరు. పదకొండు రాత్రులు మీ ఇళ్లు వదిలి వచ్చారు. ఒక్కసారి కూడా డబ్బు తీసుకోకుండా తెనాలికీ గుంటూరుకీ ఆటో తిప్పిన భాయ్‌కి, అమ్మ పేరు మీద నమాజులో దువా చేసిన వాళ్లమ్మగారికి, రక్తపరీక్షల బాకీ నాకు చెప్పకుండా కట్టేసిన అన్నయ్యకి ఏమిచ్చి రుణం తీర్చుకోను.

కుట్టుపని గురించి కూడా చెప్పాలి. అమ్మ పడిపోయిన రోజుకి మిషన్ పక్కన కుట్టాల్సిన జాకెట్లు పదిహేడు ఉన్నాయి. అందులో ఆరు పెళ్లివాళ్లవి. అమ్మకి మాట సరిగ్గా వచ్చీ రాకముందే ముందు అడిగింది వాటి గురించే. అమ్మ దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు అమ్మాయిలు వచ్చి నాలుగు రోజుల్లో అన్నీ కుట్టేశారు. కుట్టుకూలి తెచ్చి అమ్మ దిండు కింద పెట్టారు. అపొస్తలుల కార్యముల్లో యొప్పేలో తబితా చనిపోయినప్పుడు విధవరాళ్లు ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన బట్టలు పేతురుకి చూపిస్తారు కదా. హాస్పిటల్లో అమ్మని చూడడానికి వచ్చిన వాళ్లలో సగం మంది ఒంటి మీద అమ్మ కుట్టిన జాకెట్లే. మీరు అనుకుని వేసుకొచ్చారో లేదో నాకు తెలియదు, అమ్మ మాత్రం చంకల దగ్గర కుట్టు చూసి గుర్తుపట్టింది. పేతురు ప్రార్థన చేసి, తబితా కళ్లు తెరిచాక, చెయ్యి అందించి లేవనెత్తాడని రాసి ఉంది. ప్రాణం వచ్చాక కూడా లేవడానికి ఒక చెయ్యి కావాలి.

అయ్యగారు వారానికి రెండుసార్లు వచ్చి అమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఒకసారి నేను అడిగాను, చెయ్యి ఎందుకు పెడతారని. మోషే యెహోషువ మీద చెయ్యి ఉంచినప్పుడు హెబ్రీలో వాడిన మాటకి, ఆనడం, ఆనించి నిలబెట్టడం అని అర్థమట. ముప్పై ఏడో కీర్తనలో "యెహోవా అతని చెయ్యి పట్టుకొని యున్నాడు" అన్నచోట కూడా ఆ క్రియేనట. ఆ రోజు నుంచి అమ్మ ఆ కీర్తనే చదివించుకుంటోంది. "నేలను పడినను" అన్న మాట దగ్గర ప్రతిసారీ నన్ను ఆపుతుంది.

ఫిజియో తమ్ముడూ, నువ్వు పెట్రోలు ఖర్చు తప్ప తీసుకోలేదు. రోజూ గిన్నెలో బియ్యం పోసి అమ్మ చెయ్యి అందులో ముంచి కదిలించావు. కళ్లు మూయించి దువ్వెన, తాళంచెవి, కొబ్బరిపీచు చేతిలో పెట్టి ఏమిటో చెప్పమనేవాడివి. రెండు నెలలు అన్నిటికీ ఒకటే జవాబు, "తెలీట్లేదు బాబూ" అని. మార్చి చివరలో ఒకరోజు నీ సంచిలో ఏమీ లేక, మిషన్ కింద పడున్న ముక్క ఒకటి తీసి పెట్టావు. అమ్మ బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా కదిలింది. ఒకసారి, రెండుసార్లు. కళ్లు తెరవకుండానే "ఇది టూ బై టూ గుడ్డ కదా" అంది. నువ్వు లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డావు. ఎందుకో మాకు తెలుసు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ ఇంటికి రండి. భోజనాలు ఇక్కడే. ఆటో భాయ్, మీ అమ్మగారిని తప్పకుండా తీసుకురండి. అమ్మ మీ అందరి చేతులూ ఒక్కసారి పట్టుకోవాలంటోంది, కుడిచేత్తోనే. పట్టు ఇంకా గట్టిగా రాలేదు, మీరే కాస్త దగ్గరగా కూర్చోండి.