కషాయం చెప్పారు, బీపీ సంగతి చెప్పలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో గొంతు గరగరకు అతిమధురం కషాయం రోజూ తాగమని వేశారు. చదవగానే మా ఇంట్లో కిందటి ధనుర్మాసం గుర్తొచ్చింది.

మా అత్తయ్యకు 68 ఏళ్లు. పదేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటోంది. ఒంట్లో ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపేసే మందు కూడా అందులోనే కలిసి ఉంటుంది. ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామునే గుళ్లో పాశురాలు చదువుతుంది. గొంతు పట్టేయకుండా అతిమధురం పుల్ల బుగ్గన పెట్టుకునేది. ఇంటికొచ్చాక దాని పొడితో కషాయం. ఆ పొడి మూలికల కొట్లో పొట్లం కట్టించి తెచ్చింది నేనే.

సంక్రాంతి దాటాక కాళ్లలో సత్తువ లేదంది. పీట మీద కూర్చుంటే నేను రెక్క పట్టి లేపాల్సి వచ్చేది. మోకాళ్లేమో అనుకుని నూనె రాశాం. బీపీ చూపిస్తే 170/100. ఎప్పుడూ చూపించుకునే చోట మాత్ర డోసు పెంచారు. దాంతో ఇంకా నీరసించింది. వారం తిరక్కుండా గుండె దడ మొదలైతే టెన్షన్ పడి గుంటూరు తీసుకెళ్లాం. రక్తపరీక్షలో పొటాషియం 2.7 వచ్చింది. కనీసం 3.5 ఉండాలట.

"వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అంతకుముందూ అడిగారు. "ఏం లేవు బాబూ" అనేది అత్తయ్య. అబద్ధం కాదు, ఆవిడ లెక్కలో అతిమధురం మందే కాదు. (నా లెక్కలోనూ కాదు.) గుంటూరులో డ్యూటీ డాక్టరమ్మ మాత్రం ఇంకోలా అడిగింది: "పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లో ఏమేం వేసుకుంటారో వరసగా చెప్పండమ్మా." కాఫీ, తీర్థం, అతిమధురం పుల్ల... అనగానే రాస్తున్న పెన్ను ఆపింది.

అతిమధురానికి ఆ తీపినిచ్చే గ్లైసిర్రైజిన్ ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలవేసి బీపీ పెంచుతుందట, పొటాషియాన్ని మూత్రంలో పోగొడుతుందట. బీపీ మాత్రలో కలిసి ఉన్న మందు కూడా పొటాషియాన్ని పోగొట్టేదే. ఒకే బిందెకు రెండు చిల్లులు. డోసు పెంచి అందులో ఒకదాన్ని ఇంకాస్త పెద్దది చేశామన్నమాట. పుల్ల, పొడి మాన్పించి, పొటాషియం ఇచ్చి, మాత్ర మార్చాక మూడు వారాలకు తేరుకుంది.

ఆయుర్వేదం మీద నాకేం కోపం లేదు. మా వీధిలో ఆయుర్వేద వైద్యులు గారికి చెబితే, "బీపీ ఉన్నవాళ్లకు నేనైతే ఇవ్వనమ్మా, ఒక్కమాట అడగాల్సింది" అని మందలించారు. మీ పేజీ చూసి తెచ్చుకునేవాళ్లకు ఆ ఒక్కమాట మీరే చెప్పాలి కదా? చిట్కా కిందే ఒక లైను వేయండి చాలు. షుగర్ మాత్రలకు పొడపత్రో కాకర రసమో తోడైతే షుగర్ మరీ పడిపోవచ్చనీ, రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్లు వెల్లుల్లి క్యాప్సూల్స్ అడక్కుండా మింగకూడదనీ, థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు అశ్వగంధ సంగతి డాక్టరుకు చెప్పాలనీ.

ధనుర్మాసం మళ్లీ వస్తోంది. నిన్న బీపీ మాత్రలు తేవడానికి బయల్దేరుతుంటే అత్తయ్య వెనక్కి పిలిచి, "మిరియం, పటికబెల్లం బుగ్గన పెట్టుకోవచ్చేమో డాక్టరమ్మని కనుక్కోవే" అంది.

— ఒక పాఠకురాలు, తెనాలి