డగౌట్ అంటే నీడ పందిరి కాదు

సంపాదకులకు,

మన పీఎం పాలెం క్రికెట్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచులు జరిగినప్పుడల్లా డగౌట్ అన్న మాట పేపర్లలో కనిపిస్తుంది. మైదానం గీత పక్కన ఆటగాళ్లు, శిక్షకులు కూర్చునే చోటు అది; ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం తవ్వినది అని. అక్కడ ఉండేది నేల మీద వేసిన కుర్చీలు, పైన కప్పు. తవ్విందేమీ ఉండదు. ఫుట్‌బాల్‌లో మాత్రం ఆ మాట నిజంగా ఒక గొయ్యి నుంచే వచ్చింది. దాన్ని తవ్వించిన ఘనత స్కాట్లాండ్ డిఫెండర్ డొనాల్డ్ కోల్మన్‌ది. మన ఊళ్లో మైదానాలు బాగుచేసేవాళ్లకు ఆయన సంగతి తెలిసి ఉండాలి.

కోల్మన్ 1878లో స్కాట్లాండ్‌లోని రెంటన్‌లో పుట్టాడు. అసలు ఇంటిపేరు కన్నింగ్‌హమ్. ఆడుతున్నట్టు తండ్రికి తెలియకుండా పేరు మార్చుకున్నాడు. మదర్‌వెల్ క్లబ్బు నుంచి 1907లో అబర్డీన్ క్లబ్బుకు వచ్చి 1920 దాకా ఆ జట్టుకే కుడివైపు ఫుల్‌బ్యాక్, అంటే గోలీకి ముందు కాపు కాసే ఆటగాడు. 1910-11 లీగ్‌లో అబర్డీన్ రెండో స్థానంలో నిలిచింది. దేశం తరఫున పిలుపు 1911లో, 32 ఏళ్లు దాటాక వచ్చింది. ఆడినవి నాలుగే మ్యాచులు.

అప్పటి ఫుల్‌బ్యాక్ పని ఇప్పటిలాంటిది కాదు. వెనక ఇద్దరే ఉండేవారు. బంతి తనకు అందించే వేళ దాడికొచ్చేవాడికీ గోల్ గీతకూ మధ్య ఎదుటి జట్టువాళ్లు ముగ్గురు లేకపోతే ఆఫ్‌సైడ్, అంటే తప్పు. ఆ ముగ్గురిని ఇద్దరు చేసింది 1925లో. కాబట్టి ఒక బ్యాక్ రెండడుగులు ముందుకు జరిగితే చాలు, గోలీతో కలిపి వెనక మిగిలేది ఇద్దరే, ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్‌లో చిక్కేవాడు. కానీ ఆ అడుగు అర క్షణం ఆలస్యమైతే వెనక కాచేవాడే లేడు. అడుగు ఎప్పుడు, ఏ కాలితో వేయాలన్నదే ఆ ఆటగాడి చదువంతా.

అందుకే 1931లో అబర్డీన్‌కు ట్రైనర్‌గా తిరిగొచ్చాక కోల్మన్ చూసింది పాదాలనే. బాక్సర్ల, డాన్సర్ల కాళ్ల కదలిక మీద ఆయనకు మహా ఇష్టం. పాదాలు సరిగ్గా కనబడాలని అబర్డీన్ మైదానం పిటోడ్రీలో గీత పక్కన గొయ్యి తీయించాడు. రాసుకునే పుస్తకం తడవకూడదని దానికి కప్పు వేయించాడు. స్నేహపూర్వక మ్యాచ్‌కు వచ్చిన ఇంగ్లండ్ క్లబ్బు ఎవర్టన్ వాళ్లు అది చూసి తమ మైదానం గుడిసన్ పార్క్‌లోనూ కట్టుకున్నారు.

ఇక మన లెక్క. మామూలు కుర్చీలో కూర్చుంటే కళ్లు నేలకు సుమారు 120 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి. 60 సెంటీమీటర్లు తవ్వితే సగానికి దిగుతాయి, అది చాలు. అంతకంటే లోతు వద్దు: వాన నీరు జారడానికి మైదానం నడుమ కాస్త ఉబ్బుగా ఉంటుంది, అవతలి గీత దగ్గరి పాదాలు ఆ ఉబ్బు చాటుకు పోతాయి.

విశాఖలో గోతికి మొదటి శత్రువు నీళ్లు. అక్టోబరు తుపానుకు ఒక్క రాత్రిలో అది తొట్టి అవుతుంది. అడుగున కాంక్రీటును ఒక మూలకు వాలుగా పోసి, అక్కడి నుంచి పైపును పల్లంలోని కాలువకు కలపాలి. పల్లం దొరకకపోతే మూలలో చిన్న గుంట పెట్టి మోటారుతో తోడాలి. గోతి చుట్టూ నాలుగంగుళాల గట్టు లేకపోతే మైదానం నీళ్లన్నీ అందులోకే దిగుతాయి. కప్పు నిలబెట్టే మామూలు ఇనుప పైపులు ఉప్పుగాలికి తుప్పుపడతాయి, జింకు పూత ఉన్న జీఐ పైపులే వాడాలి. రేకులను కొక్కేలతో బిగించి వదిలేస్తే ఏమవుతుందో హుద్‌హుద్ నాడు ఊరంతా చూసింది. స్తంభాలను పునాదిలోనే బోల్టులతో పట్టించాలి. పక్క గోడలకు రేకు బదులు పారదర్శకమైన షీటు వేస్తే మైదానం మూలలు కనబడతాయి.

నిబంధనల ప్రకారం టెక్నికల్ ఏరియా, అంటే శిక్షకుడు నిలబడి సూచనలివ్వగల చోటు, సీట్లకు అటూ ఇటూ ఒక మీటరు, ముందు టచ్‌లైన్‌కు (మైదానం పక్క గీతకు) మీటరు దూరం దాకా ఉంటుంది. గోతి అంచు టచ్‌లైన్‌కు బాగా వెనక ఉండాలి, అంచుకు రబ్బరు తొడగాలి. లేకపోతే బంతి వెంట పరుగెత్తినవాడు నేరుగా అందులో పడతాడు. ఉత్తర దక్షిణాలుగా ఉన్న మైదానంలో పడమటి వైపు కడితే సాయంత్రం ఎండ కళ్లలో కొట్టదు.

డబ్బు లేని చోట తవ్వక్కర్లేదు. శిక్షకుడు కుర్చీ తీసేసి గీతకు మూడు మీటర్ల వెనక పీట వేసుకుని కూర్చుంటే కళ్లు 85 సెంటీమీటర్లకు దిగుతాయి. పిల్లవాడి బరువు ముందరి పాదం మీద ఉందో, మడమ మీద ఉందో అక్కడి నుంచి కనబడుతుంది.

ఒక ఫుట్‌బాల్ శిక్షకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం